పని ఆపారు, జీతమూ ఆపారు. అడగొచ్చా?

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఏప్రిల్ జీతం సగమే ఇచ్చారు, మే నెలది అసలు ఇవ్వలేదు. మళ్లీ అలాంటి రోగం వస్తే ఇంతేనా అండీ? ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

జవాబు: మీకు జరిగింది అన్యాయమే. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ జీతం కోత పెట్టొద్దని ఆదేశం ఇచ్చింది, కానీ మే 18 నుంచి అది అమల్లో లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు ఆ ఆదేశం అమల్లో ఉన్న 50 రోజుల జీతం సంగతి యజమానులు, కార్మికులు మాట్లాడి తేల్చుకోండి అంది. బేరమాడే బలం లేనివాడికి ఆ మాట ఏం అక్కరకొస్తుంది?

ఆ ఆదేశం పోయినా లే-ఆఫ్ హక్కు మాత్రం ఉంది. లే-ఆఫ్ అంటే ఉద్యోగం తీసేయడం కాదు, కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవడం. 50 మందీ అంతకు మించీ పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు ఉండి, మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరున్న కార్మికుడికి పని ఇవ్వలేకపోతే, బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి అందులో సగం పరిహారం ఇవ్వాలి. ఇంకొకరి బదులు పనికొచ్చే బదిలీ వాళ్లకు, అవసరమైనప్పుడే పిలిచే క్యాజువల్ వాళ్లకు ఇది వర్తించదు, అదే నాకు బాధ. లే-ఆఫ్ రోజుల్లో గేటు దగ్గరికెళ్లి హాజరు వేయించుకోండి, లేకపోతే ఆ సగానికీ అడ్డు చెబుతారు. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లకు చేసిన పనికి అతను జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలి.

పే స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్కు దాచుకోండి. జిల్లా లేబర్ ఆఫీసుకు అర్జీ ఒడియాలో రాయించి ఇవ్వండి, నలుగురైదుగురు కలిసి వెళ్లండి, ఇచ్చినట్టు కాపీ మీద ముద్ర వేయించుకోకుండా మాత్రం తిరిగి రావద్దు.