కోటలో విందుకు వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో గణితం అధ్యాపకుడిగా నిరుడే చేరాను. వచ్చే నెల విజయనగరంలో జరిగే రెండు రోజుల సదస్సులో పత్రం సమర్పిస్తున్నాను. మొదటి రోజు రాత్రి కోట ఆవరణలో విందు ఉంటుందని ఆహ్వానంలో రాశారు. అక్కడ నాకు తెలిసినవారెవరూ ఉండరు. ఏ బట్టలు వేసుకోవాలో, పెద్దలతో ఏం మాట్లాడాలో తోచక, ఒంట్లో బాగాలేదని చెప్పి గదిలోనే ఉండిపోదామనుకుంటున్నాను. తప్పవుతుందా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తప్పు కాదు గానీ, నష్టం మీకే. పగలు సభలో గంట కొట్టేలోగా ముగించవలసిన మాటకు అసలైన ప్రశ్నలు రాత్రి భోజనాల దగ్గరే వస్తాయి.

బట్టల కోసం కోటు కుట్టించుకోనక్కరలేదు. మీ జిల్లాలోనే పొందూరు ఉంది కదా. ఆ ఖద్దరు చొక్కా ఒకటి చాలు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని ఏకే పద్ధతి గురించి ఎవరైనా అడిగితే, మాటల కోసం వెతుక్కునే పని కూడా ఉండదు.

చీకటి పడకముందే కోటకు చేరుకోండి, ఎందుకంటే విందు దీపాల వెలుగులో గోడలు కనిపించవు. 1713లో విజయ నామ సంవత్సరాన, విజయదశమి నాడు, జయవారమని మనం పిలుచుకునే మంగళవారం, విజయరామరాజు తన పేరు కలిసొచ్చేలా ఈ విజయనగరం కోటకు శంకుస్థాపన చేశారని, ఆ విధంగా అయిదు విజయాలు ఒకచోట కూడాయని ఇక్కడివారు చెప్పుకుంటారు. మీరు గణితం వారు కనుక 1713కు అయిదు అరవైలు కలిపి చూడండి; 2013లో వచ్చింది కూడా విజయ నామ సంవత్సరమే. పక్కన కూర్చున్నవారితో మాట కలపడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు. మోతీమహల్ ఎక్కడని మాత్రం వెతకకండి. 1869 నాటిదని చెప్పే ఆ దర్బారు భవనాన్ని 2020లో పడగొట్టారు. ఆ సంగతి ఎత్తితే విజయనగరం పెద్దలు చాలాసేపు మాట్లాడతారు, కొందరు కోపంగానే మాట్లాడతారు; మీరు వింటే చాలు.

పెద్దల దగ్గరకు వెళ్లినప్పుడు ముందు మీ పేరు, కళాశాల చెప్పి, పగలు వారు చదివిన పత్రంలో మీకు అర్థం కాని ఒక్క విషయం అడగండి. ఉద్యోగాల ఖాళీల ప్రస్తావన ఆ రాత్రి వద్దు. బఫే అయితే పళ్లెం నిండా ఒకేసారి పెట్టుకోకండి, ఎవరైనా నమస్కారం పెడితే బదులు పెట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు. సున్నపు గచ్చు చేసిన పాత గోడలకు జారగిలబడటం, వాటి మీద చేతులు తుడవటం ఎంత చదువుకున్నవారైనా చేస్తుంటారు. మీరు ఆ జాబితాలో చేరవద్దు.

వస్తున్నదీ లేనిదీ, శాకాహారులైతే ఆ విషయమూ నిర్వాహకులకు ఈ వారంలోనే తెలియజేయండి. ఎంతమందికి వండించాలో వారు ముందుగా వంటవారికి చెప్పుకోవాలి.