ఒక్క చెక్కు, మూడు ఇన్‌వాయిస్‌లు: కొత్తగా వచ్చిన తమ్ముడికి

తమ్ముడూ, వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ నుంచి డేటా లాగితే వసూళ్లు రెండింతలు కనిపిస్తున్నాయని రాశావు. 2018లో న్యూజెర్సీలో నా మొదటి ఉద్యోగంలో నాకు మూడింతలు కనిపించాయి.

ఒక కస్టమర్ 4,000, 3,000, 2,000 డాలర్ల ఇన్‌వాయిస్‌లు మూడింటికీ కలిపి 9,000కు ఒకే చెక్కు ఇచ్చాడు. ఇన్‌వాయిస్‌లో లింక్డ్ ట్రాన్సాక్షన్ (దానికి ముడిపడిన లావాదేవీ) దగ్గర పేమెంట్ ఐడీ, రకం ఉంటాయి కానీ దానికి ఎంత సర్దారో ఉండదు. నేను ఆ ఐడీతో పేమెంట్ మొత్తాన్ని తెచ్చి కలిపాను. మూడు వరుసల్లోనూ 9,000 పడి వసూలు 27,000 అయింది. ఆ అంకెను నమ్మి మా యజమాని సరుకు ఇచ్చినవాళ్లకు చెక్కులు రాశాడు. రెండు బౌన్స్ అయ్యాయి.

ఆ రాత్రి కన్ను మూతపడలేదు. ఖాతాలో 640 డాలర్లు. ఊళ్లో నా చదువు కోసం నాన్న తాకట్టు పెట్టిన పొలం. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉద్యోగం పోతే ఉండే గడువు 60 రోజులకు మించదు (మిగతా వివరాలు అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకో). పొద్దున్నే వెళ్లి తప్పు నాదేనని చెప్పి, ఆ శని, ఆదివారాలు కూర్చుని సరిచేశాను. తర్వాత నాలుగేళ్లు అక్కడి రిపోర్టులన్నీ నేనే చూశాను.

నువ్వు పేమెంట్ వైపు నుంచి మొదలుపెట్టు. అందులో ప్రతి లైన్‌కీ దాని అమౌంట్, అది చేరిన లావాదేవీ (మామూలుగా ఇన్‌వాయిస్) ఐడీ ఉంటాయి. క్విక్‌బుక్స్‌ను డేటా అడిగే క్వెరీలో జాయిన్‌లు (రెండు పట్టికలను కలపడం) కుదరవు కాబట్టి పేమెంట్లు, ఇన్‌వాయిస్‌లు రెండూ దింపుకుని నీ దగ్గరే కలుపుకో. ఏమీ చెప్పకపోతే ఒకసారికి 100 రికార్డులే వస్తాయి, అడిగినా 1,000 దాటవు. పేజీలు తిప్పడం మరిచిపోకు.

సున్నా డాలర్ల పేమెంట్లు కనిపిస్తే చెత్త అనుకుని తీసేయకు. మీ కుర్రాళ్లకు తొందర ఎక్కువ. క్రెడిట్ మెమోను (కస్టమర్‌కు మనం తగ్గించిన మొత్తానికి ఇచ్చే పత్రం) ఇన్‌వాయిస్‌కు సర్దితే అలాగే వస్తుంది, రెండు లైన్లలోనూ అమౌంట్ ఉంటుంది. ఇన్‌వాయిస్ బాకీకి అది లెక్కే, చేతికొచ్చిన డబ్బుకు కాదు. ఈ రెండు మొత్తాలనూ వేరువేరుగా చూపించు. చివర్లో నీ బాకీని ఇన్‌వాయిస్‌లోనే ఉండే బ్యాలెన్స్‌తో సరిపోల్చాకే రిపోర్ట్ పంపు.

ఇంకో మాట. కారు తర్వాత కొనొచ్చు. ముందు మూడు నెలల అద్దె వేరే ఖాతాలో వేసుకో. ఆ 640 డాలర్ల రాత్రి నీకు రాకూడదు.