ఇలియాస్టమీ ఉన్నవారు విరేచనం మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 48. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) వల్ల పెద్దపేగు తీసేసి ఇలియాస్టమీ (చిన్నపేగు చివరను పొట్టమీద రంధ్రంలోంచి బయటికి తెచ్చి, మలం సంచిలోకి వచ్చేలా చేయడం) పెట్టారు. ఈమధ్య తేగలు తిన్న రాత్రి నుంచి సంచిలోకి ఏమీ రాలేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు. విరేచనం మాత్ర వేసుకుని, తగ్గక మర్నాడు మధ్యాహ్నం ఎమర్జెన్సీకి వెళితే గంటల తరబడి కూర్చోబెట్టారు. అక్కడే ఒక్కసారిగా నీళ్లలా వచ్చి సంచి ఊడిపోయింది. దాన్ని మార్చడం ఎవరికీ తెలియలేదు. సెలైన్ పెట్టి పంపేశారు. మళ్లీ ఇలా జరిగితే ఎలా తట్టుకోవాలి?
– ఒక సోదరి, కాకినాడ

సమాధానం: అంతమందిలో తడిసిన చీరతో కూర్చోవలసి రావడం ఎవరికైనా బాధాకరమే. తేదీ, సమయం రాసి ఆసుపత్రి సూపరింటెండెంటుకు తప్పక ఫిర్యాదు ఇవ్వండి. అయితే అక్కడ గడిచిన గంటల కంటే, అంతకుముందు ఇంట్లో గడిచిన రాత్రే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

మీరు రాసిన లక్షణాలను బట్టి, తేగల పీచు ఉండకట్టి స్టోమా (పొట్టమీద బయటికి తెచ్చిన పేగు చివర) దగ్గర చిన్నపేగుకు అడ్డుపడి ఉండవచ్చు. పరీక్షించకుండా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను. దారి మూసుకుపోయిన పేగును విరేచనం మాత్రతో బలవంతంగా కదిలిస్తే నొప్పి పెరగడమే కాకుండా, అరుదుగానైనా పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంటుంది. అడ్డంకి తొలగిన తరువాత అదే మందు శరీరంలోని నీటిని, ఉప్పును తోడేస్తుంది. పెద్దపేగు లేనివారు ఈ నష్టాన్ని తట్టుకోలేరు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర మామూలు మలబద్ధకానికి ఉద్దేశించినదమ్మా, మీ సమస్య అది కాదు. సర్జన్ చెప్పకుండా ఇంకెప్పుడూ వేసుకోకండి.

నాలుగు నుంచి ఆరు గంటలపాటు సంచిలోకి ఏమీ రాక, నొప్పి కూడా ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు. వాంతులు మొదలైతే, లేదా స్టోమా నల్లబడితే అన్ని గంటలు కూడా చూడకండి. ఎమర్జెన్సీలో కేవలం ‘కడుపునొప్పి’ అంటే మిమ్మల్ని వరుసలో వెనక్కి నెట్టే అవకాశం ఎక్కువ. ‘నాకు ఇలియాస్టమీ ఉంది, ఇన్ని గంటలుగా ఏమీ రావడం లేదు, వాంతులవుతున్నాయి’ అని మొదటి మాటగా చెప్పి డిశ్చార్జి సమ్మరీ చూపించండి. అక్కడ మీ సైజు సంచి దొరుకుతుందని అనుకోవద్దు. రెండు సంచులు, కత్తెర, ఒక జత బట్టలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. అడ్డంకి సమయంలో స్టోమా ఉబ్బుతుంది కనుక, సంచి రంధ్రం కాస్త పెద్దదిగా కత్తిరించాలి.

ఈ వారంలోనే మీ సర్జన్‌ను కలిసి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. పేగులు ఒకదానికొకటి అతుక్కుని గానీ, స్టోమా పక్కన హెర్నియా గానీ ఉన్నాయేమో ఆయన చూస్తారు. అప్పటివరకు తేగలు, మొక్కజొన్న పొత్తులు, పనసతొనలు, పచ్చికొబ్బరి ముట్టకండి.