కిడ్నీ దెబ్బతింటే ఎముకలు ఎందుకు నొస్తాయి?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాన్న వయసు 58. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. క్రియాటినిన్ 3.4 వచ్చింది. డయాలసిస్ ఇంకా మొదలవలేదు. ఆరు నెలలుగా నడుము, కాళ్ల ఎముకలు నొప్పి, ఒళ్లంతా దురద. ఊర్లో ఆర్‌ఎంపీ క్యాల్షియం తగ్గిందని రోజుకు రెండు మాత్రలు రాసిచ్చాడు, నొప్పికి ఇంజెక్షన్లు వేస్తున్నాడు. వాడొచ్చా?

జవాబు: ముందు ఆ నొప్పి ఇంజెక్షన్లు ఈరోజే ఆపేయండి. డైక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీలకు రక్తం అందకుండా చేస్తాయి. మీరు చెప్పిన అంకెలతో లెక్కేస్తే నాన్నగారి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 20 దగ్గర ఉంటుంది, అంటే కిడ్నీ జబ్బు ఐదు స్టేజిల్లో నాలుగోది. మిగిలిన ఆ కాస్తనే కాపాడుకోవాలి. నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ వాడొచ్చు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

ఇక క్యాల్షియం సంగతి. కిడ్నీ పని మూత్రం పోయించడం ఒక్కటే కాదు. తిండిలో ఎక్కువైన భాస్వరాన్ని (ఫాస్ఫరస్) బయటికి పంపేది అదే. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేదీ అదేనని 1970లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఈ రెండు పనులూ కుంటుపడితే రక్తంలో భాస్వరం పెరిగి, క్యాల్షియం తగ్గుతుంది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి. అవి పీటీహెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వదిలి, ఎముకల్లోని క్యాల్షియాన్ని రక్తంలోకి లాగుతాయి. కరువు ఏడాదిలో విత్తనానికి దాచిన చెనక్కాయలు తిండికి తీసినట్టే. నాన్నగారి నొప్పికి ఇదే కారణం కావచ్చు. దురదకూ భాస్వరం ఒక కారణం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టర్ ఎడ్వర్డో స్లటోపోల్‌స్కీ బృందం 1970ల మొదట్లో కుక్కల మీద చేసిన ప్రయోగాన్ని నేను నా పేషెంట్లకు తరచూ చెబుతుంటాను. కిడ్నీ పని ఎంత తగ్గితే తిండిలో భాస్వరాన్నీ అంతే తగ్గించి చూశారు. అలా తగ్గించిన కుక్కల్లో పీటీహెచ్ పెరగలేదు, మామూలు తిండి తిన్నవాటిలో బాగా పెరిగింది. యాభై ఏళ్ల తర్వాత కూడా మన వైద్యం ఆ దారిలోనే నడుస్తోంది.

అందుకే పరీక్ష లేకుండా క్యాల్షియం వేసుకోకూడదు. భాస్వరం ఎక్కువగా ఉన్న రక్తంలోకి క్యాల్షియం ఇంకా వచ్చి చేరితే, అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. మా ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన ముంజేతి ఎక్స్‌రేలో ఎముక పక్కన రెండు సన్నటి తెల్లగీతలు రైలు పట్టాల్లా కనిపించాయి. అది రక్తనాళం. షుగర్ వల్ల కూడా అలా అవుతుంది గానీ, ఆయన రెండేళ్లుగా ఒక్క రక్తపరీక్షా లేకుండా క్యాల్షియం మాత్రలు మింగుతున్నారు. నాకు చాలా బాధేసింది. 6 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్ కూడా ఎవరో చెప్పారని వేయించకండి.

అయితే కొందరికి మేమే క్యాల్షియం మాత్ర రాస్తాం. తిండిలోని భాస్వరాన్ని కడుపులోనే పట్టుకోవడానికి, అన్నంతో పాటు వేసుకోమని. వేళ తప్పి వేసుకుంటే ఆ పని జరగదు.

రక్తంలో క్యాల్షియం, భాస్వరం, పీటీహెచ్, విటమిన్ డి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు చేయించండి. భాస్వరం మామూలుగా డెసిలీటరు రక్తానికి 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నారా లేదా కూడా చూడండి, తొడ కండరాల బలహీనత అక్కడే బయటపడుతుంది.

సంగటి మానెయ్యాలా అని అందరూ అడుగుతారు. రాగుల్లో, చెనక్కాయల్లో ఉండే భాస్వరం ఒంటికి పూర్తిగా పట్టదు. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ తిండ్లలో కలిపే భాస్వరం దాదాపు అంతా రక్తంలోకి పోతుంది. ముందు అవి మాన్పించండి. సంగటి కొంచెం తినొచ్చు, ఊరుబిండి (చెనక్కాయల పచ్చడి) బాగా తగ్గించాలి. పొటాషియం రిపోర్టు చూశాక మిగతాది నిర్ణయించాలి.

ఇంకొక మాట. మన అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కిడ్నీ పనిచేయకపోతే అది బయటికి పోక ఎముకల్లో చేరుతుంది, నొప్పులు ఇంకా పెరుగుతాయి. నీళ్లు పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగించొద్దు.

రిపోర్టులన్నీ, ఆర్‌ఎంపీ రాసిన చీటీతో సహా, ఈ వారంలోనే నెఫ్రాలజిస్టుకు చూపించండి.