కొత్త అలవాటు పడటానికి 21 రోజులు చాలా?

చాలామందికి చాలవు, రెండు నెలలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. లండన్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఇది సగటున 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా కనిపించింది.

ఒకే సందర్భంలో ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే, ఆ సందర్భం రాగానే చెయ్యి దానంతటదే పనిలోకి వెళ్తుంది. మొదట్లో పట్టుదలతో చేయాల్సింది క్రమంగా ఆలోచించకుండానే జరిగిపోతుంది. పని ఎంత తేలికైతే అంత త్వరగా ఆ దశ వస్తుంది.

మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ గ్రూప్-2కు చదివే అమ్మాయినే తీసుకోండి. పరీక్షకు నాలుగు పేపర్లు, మొత్తం 600 మార్కులు. స్కూలు నుంచి వచ్చాక రోజూ ఎనిమిది గంటలు చదవాలనుకుంటే వారం తిరక్కుండానే ఆగిపోతుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. సాయంత్రం చాయ్ తాగగానే తెలంగాణ ఉద్యమం పేపరులో నాలుగు పేజీలు అనుకుంటే నిలబడుతుంది. అది కుదిరాక పేజీలు పెంచుకోవచ్చు. బతుకమ్మకు ఊరెళ్లి ఒకరోజు తప్పినా టెన్షన్ పడక్కర్లేదు: ఒక్క రోజు తప్పితే అలవాటు చెడదని అదే పరిశోధన చెప్పింది.

మరి 21 ఎక్కడిది? 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి ‘కనీసం’ 21 రోజులు పడుతోందని రాశారు. జనం నోళ్లలో ఆ ‘కనీసం’ రాలిపోయింది. అందుకే 22వ రోజు కూడా పని కష్టంగా అనిపిస్తే తమకు పట్టుదల లేదనుకుని ఎందరో మానేస్తున్నారు. నిజానికి అప్పటికి చాలామంది సగం దారిలో కూడా ఉండరు.