చందనాలు రెండూ అక్కచెల్లెళ్లు కావు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. డిగ్రీ ప్రాజెక్టుకు శ్రీగంధాన్నీ ఎర్రచందనాన్నీ పోల్చి రాస్తున్నానన్నావు. చాలా సంతోషం. అయితే నువ్వు పంపిన మొదటి వాక్యం, ‘చందనంలో రెండు రకాలు’ అన్నది, ముందు కొట్టివెయ్యి. వాటిని కలిపింది పేరొక్కటే. ఎర్రచందనం ఫాబేసీ కుటుంబం, అంటే మన కందికీ చిక్కుడుకూ చుట్టం. శ్రీగంధం శాంటలేసీ. శ్రీగంధం చేవకు పరిమళం, ఎర్రచందనం చేవకు రంగు.

పుస్తకం తెరిచే ముందు కొమ్మ చేతిలోకి తీసుకో. ఎర్రచందనం ఆకులో సాధారణంగా మూడు గుండ్రటి పత్రకాలు, కొసన చిన్న నొక్కు. బెరడు మొసలి వీపులా పలకలు కట్టి ఉంటుంది. శ్రీగంధం ఆకులు ఎదురెదురుగా, ఒంటిగా వస్తాయి. పండు నల్లగా మాగితే పిట్టలు తిని విత్తనాలు మోసుకుపోతాయి.

అసలు కథ వేళ్లలో ఉంది. నేను నర్సరీలో చేరిన కొత్తలో శ్రీగంధం సంచుల్లోని కంది మొక్కలను కలుపనుకుని పీకేశాను. కొన్నాళ్లకే గంధం మొక్కలు పాలిపోయాయి. పెద్దాయన ఒకరు ఒక సంచి కోసి, మట్టి కడిగి చూపించారు: గంధం వేరు కంది వేరును చిన్న బొత్తాంలా కరిచి పట్టుకుని ఉంది. అది సగం పరాన్నజీవి. ఆకులతో ఆహారం వండుకుంటుంది, నీళ్లూ లవణాలూ పక్క చెట్టు దగ్గర తీసుకుంటుంది. ఆవాసం గురించి రాసేటప్పుడు దాని చుట్టూ ఏ చెట్లున్నాయో తప్పక రాయి.

ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసనే: శేషాచలం, లంకమల, వెలికొండ. శ్రీగంధం కర్ణాటక, తమిళనాడు పొడి అడవుల్లో, కేరళ మరయూరులో, ఇండోనేషియా తైమూరులో కూడా ఉంది.

సంరక్షణ స్థితి పక్కన సంవత్సరం వెయ్యి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2018లో ఎర్రచందనాన్ని ‘ముప్పుకు చేరువలో’ అంది, 2021 అంచనాలో తిరిగి ‘అంతరించే ప్రమాదం’లోకి చేర్చింది. శ్రీగంధం అంతకు ఒక మెట్టు కింద, ‘ముప్పుకు లోనైన’ జాతుల్లో ఉంది. రైతుల తోటల్లోని చెట్లను చూసి అడవి చెట్టు క్షేమమని రాయవద్దు.

అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకు. పెద్ద చెట్టు కనిపిస్తే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నివేదికలో వెయ్యకు, ఫోటోలో కూడా తీసివెయ్యి. కొండ పేరు చాలు.

నీ మామయ్య