రాజీనామా డ్రాఫ్ట్స్‌లోనే ఉండనీ

చిన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కంగారుపడ్డాను. రెండోసారి కొంచెం అసూయపడ్డాను. ఇరవై నాలుగేళ్ళకే నూటపాతిక పేజీల బొమ్మల కథ బుర్రలో గీసి పెట్టుకున్నావు మరి. బాబాయ్ అని పిలవొచ్చా అని మొహమాటపడ్డావు. పిలువు. మన క్వియర్ వాళ్ళలో, అంటే గే, ట్రాన్స్ లాంటివాళ్ళలో, సగం చుట్టరికాలు అలా పిలుచుకుంటూ కలుపుకున్నవే.

కస్టమర్ కేర్ ఉద్యోగం మానేసి బొమ్మలే గీసుకుంటాను, రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాను, పంపమంటావా అన్నావు. ఇప్పుడే వద్దు. కళ కూడు పెట్టదన్న పాత పాట మాత్రం నేను పాడను. నాకు ఆ పాట వినిపించినవాళ్ళలో ఒక్కరూ నా నాటకం చూళ్ళేదు.

ఇరవై తొమ్మిదో ఏట నేనూ మానేశాను. చేతిలో రెండు నెలల అద్దె ఉంది. రోజంతా నాదే, ఇక రాసుకోవడమే అనుకున్నాను. అయిదు నెలల్లో పదకొండు పేజీలు రాశాను, ఉంచుకోదగ్గది ఒక్కటీ లేదు. మూడో నెల నుంచి ఏ పాత్ర నోరు తెరిచినా ఒకటో తారీఖు గురించే మాట్లాడేది. నాతోపాటే మానేసిన ఇంకో కుర్రాడికీ డబ్బయిపోయింది. వాడు ఇంటికెళ్ళి, ఆర్నెల్లు అమ్మ చేతి తిండి తిని, తేరుకుని వచ్చాడు. నేను ఫోన్ చేస్తే మావాళ్ళూ రమ్మన్నారు, పెళ్ళికి ఒప్పుకుని రమ్మన్నారు. నీ తోటి ఆర్టిస్టులు "దూకెయ్, చూసుకుందాం" అన్నప్పుడు ఇది గుర్తుపెట్టుకో. వాళ్ళు పడితే ఇంట్లో పడతారు. మనలో చాలామందికి ఆ తలుపు షరతు మీద తెరుచుకుంటుంది, కొందరికి అసలే తెరుచుకోదు. నా గది తాళం నా జేబులో ఉన్నన్నాళ్ళే నేను నేనుగా బతికాను.

అలాగని దొరికిన ఉద్యోగాన్నే పట్టుకు వేలాడమనడం లేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నాకు పదేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

నా మొదటి ఆఫీసులో మధ్యాహ్నం అందరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం. "నీకెవరూ లేరా?" అని రోజూ అడిగేవాళ్ళు. పడలేక ఒకమ్మాయిని కల్పించాను. ఆమెకో పేరు పెట్టాను. వేరే ఊళ్ళో ఉద్యోగం ఇచ్చాను. పుట్టినరోజు, ఆమె తమ్ముడి చదువు, మా మధ్య చిన్న చిన్న అలకలు. మొన్న చెప్పింది ఇవాళ తప్పకుండా గుర్తుండాలి కదా, డైరీలో రాసుకునేవాణ్ణి. రెండేళ్ళపాటు నడిచింది. సాయంత్రం గదికొచ్చి కాగితం ముందు కూర్చుంటే ఒక్క పాత్రా పలికేది కాదు. ఎనిమిది గంటల పని వల్ల అనుకునేవాణ్ణి. నిజానికి నా దగ్గరున్న నాటకమంతా ఆ భోజనాల బల్ల దగ్గరే ఆడేసి వస్తున్నాను, అది కూడా జీతం లేకుండా.

తర్వాత ఒక ప్రెస్సులో రాత్రి షిఫ్టు ప్రూఫులు దిద్దే పనికి మారాను. జీతం తక్కువ. ముగ్గురం ఉండేవాళ్ళం, ముగ్గురివీ వంచిన తలలే. అచ్చుతప్పులు తప్ప ఎవరి సంగతులూ ఎవరికీ పట్టేవి కావు. నా మొదటి మూడు నాటకాలూ ఆ ఉద్యోగంలో ఉండగా రాసినవే.

కాబట్టి ఒక వారం లెక్క రాయి. ఇంటికి రాగానే ఒక్క వాక్యం చాలు: ఇవాళ నన్ను పిండేసింది పనా, నటనా? కస్టమర్ కేర్‌లో గొంతు మార్చి మాట్లాడటం జీతానికి చేసే నటన, దాన్ని కొంత భరించొచ్చు. అవతలివాళ్ళు గొంతు విని నిన్ను సార్ అనో మేడమ్ అనో తేల్చేసుకోవడం, పక్క సీటువాళ్ళ దగ్గర వారాంతం ఎలా గడిచిందో అబద్ధమాడటం, ఇవి పైసా రాని నటనలు. ముందు తెంచుకోవాల్సింది వీటిని. మీ కంపెనీలో చాట్ ప్రాసెస్ ఉందన్నావుగా, దానికి మార్చమని అడుగు. టైపు చేస్తే గొంతు ఉండదు. బ్యాక్ ఆఫీసైనా మంచిదే. ప్రమోషన్ వస్తుందంటే మాత్రం పదిసార్లు ఆలోచించు. టీమ్ లీడర్ అయితే పన్నెండు మంది గొడవలు నీ వెంట ఇంటికొస్తాయి.

ఆఫీసులో నా గురించి చెప్పెయ్యనా అని కూడా అడిగావు. ప్రొబేషన్‌లో ఉండగా వద్దు. అక్కడ పనిచేసి మానేసిన మనవాళ్ళెవరైనా ఉంటే పట్టుకుని అడుగు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు భయపడి చెప్పనివి వాళ్ళు చెప్తారు. కంపెనీ రాతపూర్వక నిబంధనల్లో లైంగికత, జెండర్ అన్న మాటలు ఉన్నాయో లేదో చూడు. గోడమీద ఇంద్రధనస్సు పోస్టరు నిబంధన కింద లెక్క కాదు. నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పినా ఊపిరాడుతుంది.

కవాఫీ అని ఒక గ్రీకు కవి. మగవాళ్ళ మీద మగవాడి ప్రేమను దాచకుండా రాసినవాడు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో నీటిపారుదల శాఖలో 1892 నుంచి 1922 దాకా గుమాస్తాగిరీ చేశాడు. గ్రీకు పౌరుడు కావడం వల్ల పర్మినెంట్ చెయ్యలేదు, ముప్ఫై ఏళ్ళూ తాత్కాలిక ఉద్యోగే. కవితలు విడి కాగితాల మీద అచ్చేయించి తను ఎంచుకున్నవాళ్ళకే పంచేవాడు. ఎవరు చదవాలో, ఎవరు చదవకూడదో తనే నిర్ణయించుకున్నాడన్నమాట. నువ్వూ నీ పేజీలన్నీ లోకం ముందు పరచనక్కర్లేదు. ముందు పదిమంది ఉన్న గ్రూపులో పెట్టు.

బొమ్మలవాడి కథ కావాలంటే భూపేన్ ఖక్కర్. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. బరోడాలో పార్ట్‌టైమ్ లెక్కలు రాస్తూ బొమ్మలేశాడు. తను గే అన్న సంగతి బాహాటంగా కనిపించే ఒక పెద్ద చిత్రం 1981 నాటిది, అప్పటికి ఆయన వయసు నలభై ఏడు. అది ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియం వాళ్ళ దగ్గరుంది. ఇరవై నాలుగుకే ఆలస్యమైపోతోందని ఏడుస్తున్నావని ఈ అంకె చెప్తున్నాను.

ఇక డబ్బు. కొత్త డ్రాయింగ్ టాబ్లెట్ కంటే ముందు ఒక వేరే ఖాతా తెరువు. మూడు నెలల అద్దె, దాంతోపాటు హార్మోన్లకీ మిగతా మందులకీ ఒక మూడు నెలల ఖర్చు. దీన్ని నేను "లేచిపోయే డబ్బు" అంటాను. ఇంటి ఓనరు అనుమానించినా, రూమ్మేట్ బెదిరించినా, బాస్ హద్దు దాటినా, ఆ రాత్రే లేచి వెళ్ళగలగాలి. ఖాతా నీ ఒక్కరి పేరు మీదే ఉండాలి. మెసేజులు ఏ ఫోనుకి వస్తున్నాయో, స్టేట్‌మెంట్ ఏ అడ్రసుకి వెళ్తోందో ఒకసారి సరిచూసుకో. నాకు తెలిసిన ఒకమ్మాయి రహస్యమంతా బ్యాంకు కవరొకటి ఆమె పాత ఇంటికి వెళ్ళి బయటపడింది.

గీయడం షిఫ్టుకి ముందు పెట్టుకో, తర్వాత వద్దు. నలభై నిమిషాలు చాలు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం ఒక్క గీత గియ్యకు. ఉద్యోగంలో భాగంగా చేసింది కంపెనీదే అని చాలా దేశాల చట్టాలు చెప్తాయి, కొన్ని ఒప్పందాలు ఇంకా దూరం వెళ్తాయి. నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ పేరా వెతికి చదువు.

బయటివాళ్ళు పనిస్తామంటే ఏం చెయ్యాలో కూడా చెప్పేస్తాను. 1969 జూన్ చివర్లో న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే బార్‌లో పోలీసుల మీద మనవాళ్ళు తిరగబడ్డారు, అందుకే జూన్ మన నెలయింది. ఇప్పుడు జూన్ వస్తోందంటే చాలు, కంపెనీలకు మన ఆర్టిస్టులు గుర్తొస్తారు. "బడ్జెట్ లేదు, కానీ పేరొస్తుంది" అంటారు. బ్యానర్ ప్రింట్ చేసేవాడికి డబ్బిస్తున్నారా అని మర్యాదగా అడుగు. మనవాళ్ళ చిన్న సంఘం నిజంగా డబ్బుల్లేక అడిగితే అది వేరు, ఏడాదికి ఒకటో రెండో చేసిపెట్టు. ఎవరికి చేసినా ఒకసారి వాడుకోవడానికే ఇస్తున్నట్టు రాయించుకో, హక్కులన్నీ రాసివ్వకు. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్నచోట్ల, అంటే దాదాపు అన్నిచోట్లా, బొమ్మ గీసిన క్షణం నుంచే కాపీరైటు నీది. రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే.

పేరు సంగతి ముందే మెయిల్లో తేల్చుకో: బొమ్మ కింద ఏ పేరు, డబ్బు ఏ పేరుకి. నువ్వు పెట్టుకున్న పేరూ బ్యాంకు కార్డు మీద పేరూ ఒకటి కానప్పుడు, ఆఖరి నిమిషంలో ఏ గుమాస్తానో పాత పేరు పోస్టరెక్కిస్తాడు. దాన్ని ప్రారంభోత్సవం నాడు గోడమీద చూసుకున్న పిల్లని నేను ఓదార్చాను, మళ్ళీ నావల్ల కాదు.

ఇంకొకటి. అందరూ నీ దగ్గర ఇంట్లోంచి గెంటేసిన కథే అడుగుతారు. నువ్వు గీయాలనుకున్నది దీపస్తంభం కాపలాదారుకీ సముద్రానికీ గొడవ. "ఇందులో క్వియర్ ఏముంది?" అంటారు. అననీ. గాయం మీద గీయాలనిపించిన రోజు గీద్దువుగాని, దానికి ఎవరి గడువూ పెట్టుకోకు.

మెయిల్ ఎప్పుడు పంపాలంటావా? లేచిపోయే డబ్బు ముట్టకుండా ఇంకో ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉన్నప్పుడు, స్నేహితులు కాని ఇద్దరు ముగ్గురు డబ్బిచ్చి మళ్ళీ పని అడిగినప్పుడు. అప్పుడైనా ముందు సగం రోజుల ఉద్యోగం దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే ఆ మెయిల్లో తారీఖు మార్చి పంపెయ్, నన్ను అడగొద్దు.

ఈలోగా కాపలాదారు దీపం ఆర్పేసే ఆ నాలుగు పేజీలూ నాకు పంపు. రంగులు వెయ్యకపోయినా ఫరవాలేదు. కాగితం మీద ప్రింట్ తీసి పంపు, స్క్రీన్ మీద నా కళ్ళు ఆగడం లేదు. ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, అచ్చుతప్పులు కనిపిస్తే ఎర్రపెన్నుతో చుట్టేస్తాను, ఏమనుకోకు.

నీ
బాబాయ్